‘లేదు’ అంటే సున్న కాదు

మా పిన్ని ఏ తలుపైనా మూడుసార్లు కొట్టి, మనసులో తొంభై దాకా లెక్కపెడుతుంది. ఉత్తరాలు తెచ్చేవాళ్లు ఇరవైకే వెళ్లిపోతారు, కరెంటు మీటరు చూసేవాళ్లు ముప్ఫైకి. మంచం మీదున్న మనిషి లేచి కూర్చుని, కళ్లజోడు వెతుక్కుని, నాలుగు కాళ్ల ఊతాన్ని దగ్గరికి లాక్కుని, గది దాటి గడియ దాకా రావడానికి తొంభై అంకెలు పడతాయని ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఆమెకు నేర్పింది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకు వారానికి మూడుసార్లు వెళ్లి చూసి రావడం ఆమె పని. మందులు వేసుకున్నారా, ఏమైనా తిన్నారా, స్నానాల గదిలో నేల తడిగా ఉందా, మనిషి మొన్నటిలాగే మాట్లాడుతున్నారా. ఇవి చూసి రావాలి. వీధుల్లో ఆమెని తలుపులక్క అంటారు. పిన్నికి ఆ పేరంటే కోపం లేదు. "తాళంకప్పక్క అనలేదు, అంతే చాలు" అంటుంది.

ఒక బుధవారం ఉదయం టైపిస్టమ్మ తలుపు దగ్గర పిన్ని తొంభై దాకా రెండుసార్లు లెక్కపెట్టింది. టైపిస్టమ్మ అంటే కోర్టులో ముప్ఫై ఏళ్లు టైపు కొట్టి రిటైరైన ఆవిడ, మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. పిన్ని తలుపుకి చెవి ఆనించింది. లోపల ఎవరో గోడని వేలి కణుపుతో కొడుతున్నారు. వాచ్‌మన్ చేత తలుపు తీయించి చూస్తే, ఆవిడ ముందురోజు సాయంత్రం నుంచీ నేల మీదే ఉంది. తుంటి ఎముక విరిగింది.

"ఇంత ఆలస్యమా?" అంది టైపిస్టమ్మ, పెదవులు ఎండిపోయి. "పేజీకి సరిపడా తిట్లు తయారుచేసి పెట్టాను."

"ఆసుపత్రికి వెళ్లేదారిలో తిడుదురుగాని, పదండి" అంది పిన్ని.

నెలన్నర తర్వాత ఆఫీసులో మీటింగు పెట్టారు. పొడుగాటి గది, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద ప్రొజెక్టరు వెలుతురు. ప్రాజెక్టు అధికారి పిన్నికంటే పదేళ్లు చిన్న, మర్యాద తెలిసినవాడు. ఎవరినీ ఏకవచనంలో పిలవడు. ఆయన తెర మీద ఒక అంకె చూపించాడు. 0.4.

"మన దగ్గర రెండు వందల నలభై ఇళ్లున్నాయి. నెలకోసారి మీరు నింపే ఫారాల్లో ఏడో గడి, 'ఈ నెలలో ఎన్నిసార్లు పడ్డారు' అనేది. పోయిన నెల మొత్తం తొంభై ఆరు. అంటే సగటున మనిషికి సున్న పాయింట్ నాలుగు. అర కంటే తక్కువుంటే వారానికి ఒక విజిట్ చాలని నిబంధన. వచ్చే మూడు నెలల తర్వాత నుంచి మూడు విజిట్లు ఒకటవుతాయి. ఎవరి ఉద్యోగమూ పోదు, కొందరిని వేరే పనులకు మారుస్తాం, అంతే."

పిన్నితో కలిపి ఇంటింటికీ తిరిగేవాళ్లు పదిమంది ఆ గదిలో ఉన్నారు. పిన్ని వాళ్లకి సూపర్‌వైజరు. మిగతా తొమ్మిదిమందీ ఆమె మొహం వైపు చూశారు.

"మా వాళ్లు పడుతున్నారు సార్" అంది పిన్ని.

"అది మీ అభిప్రాయం మేడం. ఇక్కడ డేటా మాట్లాడుతోంది."

"ఏ భాషలో సార్?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి కూడా నవ్వాడు. "స్టాటిస్టిక్స్ భాషలో. రానివాళ్లకి క్లాసు కూడా ఉంది. ఎనిమిది ఆదివారాలు, కాలేజీలో. నేర్చుకుని రండి, అది అయ్యాక పెట్టే మీటింగులో ముందు మీరే మాట్లాడుదురుగాని."

ఆయన ఆ మాట మీటింగు ముగించడానికి అన్నాడు. పిన్ని బయటికొచ్చి నోటీసుబోర్డు దగ్గర నిలబడి, ఖాళీగా ఉన్న కాగితం మీద మొదటి వరసలో తన పేరు రాసింది. కలం అంత గట్టిగా నొక్కిందట, కింద కాగితం మీద కూడా అచ్చు పడింది.

ఇంట్లో ఆ రాత్రి అన్నాల దగ్గర అందరికీ ఇదే వినోదం. బస్సు డిపోలో మెకానిక్ అయిన మా బాబాయ్ చెయ్యి కడుక్కుంటూ, "పదో తరగతి లెక్కల్లో ముప్ఫై ఆరు తెచ్చుకున్నదానివి, ఇప్పుడు గణాంకశాస్త్రమా?" అన్నాడు.

"ముప్ఫై అయిదుకే పాసు. ఒకటి మిగిలింది."

"ఆ ఒకటీ ఏం చేశావు?"

"దాచుకున్నాను, నీలాంటివాళ్లకి జవాబు చెప్పడానికి."

క్లాసులో ఇరవైమంది. పిన్ని తప్ప అందరూ సోషల్‌వర్కు చదివే పిల్లలు, ఆమెని ఆంటీ అని పిలిచి ముందు బెంచీ ఇచ్చారు. లెక్చరరు సన్నటి మనిషి, సుద్దముక్క అరిగి వేళ్లకి తగిలేదాకా వదలదు. మొదటి రోజే బోర్డు మీద మూడు మాటలు రాసింది. సగటు, మధ్యగతం, బాహుళకం.

"మధ్యగతం అంటే మధ్యలో గతించినవాళ్లా మేడం?" అనడిగింది పిన్ని. ఎగతాళికి కాదు, నిజంగానే.

క్లాసంతా గొల్లుమంది. "కాదమ్మా, ఎత్తు ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో వచ్చేవాళ్లు" అంది లెక్చరరు.

"బతికే ఉన్నారన్నమాట. అయితే రాసుకుంటాను."

సగటు మాత్రం ఆమెకి ఇంట్లో అర్థమైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం గుమ్మం దగ్గరున్న చెప్పులన్నీ తిరగేసి అడుగున నంబర్లు చదివింది. బాబాయ్‌వి పది, మరిదివి తొమ్మిది, తనవి అయిదు, అత్తగారివి నాలుగు. కలిపి నాలుగుతో భాగిస్తే ఏడు.

"అత్తయ్యా, ఈ ఇంటి సగటు కాలు ఏడో నంబరు."

ముసలావిడ తన పాదాల వైపు, కొడుకుల పాదాల వైపు చూసింది. "ఏడు ఎవరికుందే ఈ కొంపలో?"

"ఎవరికీ లేదు."

"మరి ఆ జత ఎవరు తొడుక్కుంటారు?"

"మా ఆఫీసరు" అంది పిన్ని. ఆ మాటకి బాబాయ్ పొలమారేలా నవ్వాడు. తర్వాత క్లాసంటే వేళాకోళం కాస్త తగ్గించాడు. ప్రామాణిక విచలనం వచ్చినప్పుడు మాత్రం పిన్నికి తల ప్రాణం తోకకొచ్చింది. తేడాలు తీయడం, వాటిని వర్గం చేయడం, కలపడం, భాగించడం, చివరికి వర్గమూలం. రెండు వారాలు అదే గొడవ. "ఎవరు ఎంత దూరంలో ఉన్నారో చెప్పడానికి ఇంత తిరుగుడెందుకు" అని కసురుకుంటూనే, డిపో వాళ్లు పారేసిన పాత డ్యూటీ కాగితాల వెనక పేజీలన్నీ నింపేసింది. మానేస్తే మీటింగులో అధికారి మొహం ఎలా ఉంటుందో ఆమె ఊహించుకునేది. అంతే, మళ్లీ కూర్చునేది.

అయిదో ఆదివారం లెక్చరరు బోర్డు మీద పెద్ద గడి గీసింది. అందులో సున్న చుట్టింది. దాని పక్కన మరో గడి గీసి ఏమీ రాయకుండా వదిలేసింది.

"ఈ రెండింటికీ తేడా ఏంటి?"

పిల్లలు తలో మాటా అన్నారు. లెక్చరరు తల అడ్డంగా ఊపింది. "సున్న అనేది జవాబు. ఆ మనిషిని అడిగాం, ఒక్కసారి కూడా జరగలేదు అన్నారు. ఖాళీ గడి జవాబు కాదు. ఆ మనిషిని మనం అడగనే లేదు. ఖాళీని సున్నగా లెక్కేస్తే, అడగనివాళ్ల నోటితో మనమే అబద్ధం చెప్పినట్టు."

పిన్ని చేతిలో కలం ఆగిపోయింది. మా ఫారాల్లో ఖాళీ గడులు ఉండవే అనుకుంది మొదట. ఎందుకుండవో ఆ వెంటనే గుర్తొచ్చింది.

ఏడో గడి బొటనవేలి గోరంత ఉంటుంది. ఫారం నింపేరోజు మనిషి దొరక్కపోతే అందులో ‘మనిషి ఇంటివద్ద అందుబాటులో లేనందున వివరము సేకరించబడలేదు’ అని రాయాలని పాత నిబంధన. ఎవరికి పడుతుంది ఆ దండకం? నాలుగేళ్ల కిందట సూపర్‌వైజరైన మొదటి వారంలోనే పిన్ని తన వాళ్లతో చెప్పింది, "చివరి ముక్క చాలు. 'లేదు' అని రాయండి. మనకి తెలుస్తుంది కదా." నిజంగా పడనివాళ్లకి సున్న, దొరకనివాళ్లకి ‘లేదు’. పదిమందికీ ఆ తేడా బాగానే తెలుసు.

సోమవారం ఆఫీసు తెరవగానే కంప్యూటరాయన దగ్గరికి వెళ్లింది. ఫారాల్లోని అంకెలు మెషీన్లోకి ఎక్కించేది ఆయనే. మెడనొప్పికి పట్టీ కట్టుకుని తిరుగుతాడు.

"తమ్ముడూ, ఏడో గడిలో ‘లేదు’ అనుంటే నువ్వేం కొడతావు?"

"సున్న."

"సున్న ఎందుకు?"

"అదేం ప్రశ్నక్కా? పడ్డారా అనడిగితే లేదన్నారు. లేదంటే సున్నే కదా."

"మనిషి లేదని రాశామయ్యా!"

"మనిషి అన్నమాట ఎక్కడుంది? ‘లేదు’ అనే కదా ఉంది. నాలుగేళ్లుగా అలాగే కొడుతున్నా. ఎవరూ ఏమీ అనలేదు మరి." ఆయన మెడ తిప్పలేక కుర్చీతో సహా తిరిగాడు. "తప్పా?"

పిన్ని నూట పదిహేడో నంబరు తియ్యమంది. అది టైపిస్టమ్మ నంబరు. అధికారి లెక్క చెప్పిన ఆ నెలలో ఫారం నింపేరోజుకి ఆవిడ ఆసుపత్రిలో ఉంది. తెర మీద ఎన్నిసార్లు పడ్డారు అన్నచోట 0 మెరుస్తోంది. బీరువాలోంచి ఫారం తీసి చూసింది. గడిలో ‘లేదు’. ఆ రాత తనదే.

నేల మీద ఎముక విరిగి పడున్న మనిషిని తన చేతులతోనే లేవనెత్తింది. అదే చేత్తో ఆవిడ పడనేలేదని లోకానికి చెప్పింది. ఆ పూట పిన్ని టీ కూడా తాగలేదట.

ఆ నెల ఫారాలన్నీ ముందేసుకుని లెక్కపెట్టింది. రెండు వందల నలభైలో అరవై ‘లేదు’లు. అరవై తీసేస్తే మిగిలింది నూట ఎనభై. తొంభై ఆరుని నూట ఎనభైతో భాగిస్తే 0.53. అర దాటింది. కాగితం పట్టుకుని ఆరో ఆదివారం లెక్చరరు దగ్గరికి పరిగెత్తినట్టే వెళ్లింది.

లెక్చరరు పొగడలేదు. "తీసేస్తే సరిపోతుందా? ఈ అరవైమంది ఆరోజు ఎందుకు దొరకలేదు?"

"కొందరు ఆసుపత్రిలో..."

"ఎందుకు ఆసుపత్రిలో?"

పిన్ని కాగితం మడత విప్పి మళ్లీ చూసుకుంది.

"పడిపోవడం వల్లే దొరక్కుండా పోయినవాళ్లయితే, మీరు తీసేస్తున్నది ఎక్కువగా పడినవాళ్లనే. వెళ్లి అడగండి. అందరినీ అదే ప్రశ్న, ఫారంలో ఉన్నది ఉన్నట్టుగా. 'పడ్డారు కదా' అని అడిగారో, మీ లెక్క చెత్తబుట్టకే."

మీటింగుకి మూడు వారాలుంది. ఇంటింటికీ తిరిగేవాళ్లలో ఒకామె మెట్ల దగ్గర పిన్ని చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇది తవ్వితే మనమే దొరికిపోతాం. ‘లేదు’ రాసింది మనమే కదా."

"రాసింది మీరు. రాయమంది నేను. నా తలే ముందు."

"తలంటే గుర్తొచ్చింది, నీకు లేదనుకుంటా అది" అంది ఆ అమ్మాయి కళ్లనీళ్లతో. అయినా తన వాటా చిరునామాలు రాసిచ్చింది.

డ్యూటీ అయ్యాక పిన్ని ఆ అరవైమంది కోసం తిరిగింది. కొందరు ఇళ్లలో, కొందరు వార్డుల్లో, కొందరు చుట్టాల ముందుగదుల్లో మడతమంచాల మీద. ఉన్నది ఉన్నట్టు అడగాలన్న షరతు ఆమె నోటికి పెద్ద శిక్ష. మేనకోడలింట్లో ఉన్న టైపిస్టమ్మ ముందు నిలబడి, కాగితం చూసి చదివింది. "ఆ నెలలో మీరు ఎన్నిసార్లు పడ్డారు?"

"ఏంటే ఆ కోర్టు భాష? నన్ను ఎత్తింది నువ్వు కాదూ?"

"ఇలాగే అడగాలి. చెప్పండి."

టైపిస్టమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "రెండు."

"రెండా?"

"అంతకుముందు వంటగదిలో ఒకసారి. నీకు చెప్పలేదు. చెబితే వృద్ధుల హోముకి పంపిస్తావని భయం."

అన్నీ తెలుసనుకున్న పిన్నికి కూడా ఆ ఒకటి తెలియదు. రాసుకుంది.

రిటైర్డ్ రైల్వే గార్డు ఇంటికి మాత్రం గట్టి ఆశతో వెళ్లింది. ఆయన కాలు ఈడుస్తాడు, కళ్లు సరిగా ఆనవు. ఆయన ప్రశ్న విని విరగబడి నవ్వాడు. "పడటమా? ఆ నెలంతా మా చెల్లెలింట్లో ఉన్నాను. పేకాటలో బావగారిని పడగొట్టాను, రాసుకో." పిన్ని కాగితం వైపు చూసింది. ఒకటి రాస్తే అడిగేవాళ్లెవరూ లేరు. తర్వాత నాతో చెప్పింది, ఆ ఉద్యోగంలో తాను రాసిన అతి బరువైన అంకె ఆ సున్నేనని. గుండ్రంగా, ఎక్కడా తెగకుండా చుట్టింది.

మూడు వారాల్లో నలభై ముగ్గురు దొరికారు. అందులో ఇరవై ఇద్దరు ఆ నెలలో పడ్డారు, మొత్తం ముప్ఫై ఒక్కసార్లు. పదిహేడుమంది ఎక్కడున్నారో తెలియలేదు.

మీటింగు రోజున పిన్ని ఒక్క కాగితంతో వెళ్లింది. అధికారి మాట నిలబెట్టుకున్నాడు, ఆమెకే ముందు అవకాశమిచ్చాడు. ఆమె తెర దగ్గరికి వెళ్లలేదు. కుర్చీలోంచి లేచి నిలబడి, అరవై ‘లేదు’లు సున్నలైన సంగతితో మొదలుపెట్టి చదివింది. దొరికినవాళ్లని కలిపితే రెండు వందల ఇరవై ముగ్గురు, నూట ఇరవై ఏడుసార్లు, సగటు 0.57.

అధికారి తెలివైనవాడు. తను కూడా లెక్క కట్టుకున్నాడు. "ఆ పదిహేడుమంది సంగతేంటి? వాళ్లెవరూ పడలేదేమో."

"ఒక్కరు కూడా పడలేదనే అనుకుందాం సార్. పదిహేడు సున్నలూ మీకే ఇచ్చేస్తున్నాను. నూట ఇరవై ఏడుని రెండు వందల నలభైతో భాగించండి."

ఆయన ఫోన్లో భాగించాడు. 0.53.

"మధ్యగతం చూస్తే సున్నే కదా మేడం" అన్నాడు ఆయన, కాస్త గొంతు తగ్గించి. "సగంమందికి పైగా అసలు పడలేదు."

"నిజమే సార్. ఆ సగంమంది బాగున్నారని సంతోషం. మనం వెళ్లేది మిగతావాళ్ల కోసం."

అధికారి ఆమె కాగితం అడిగి తీసుకుని రెండువైపులా చూశాడు. "మరి ఈ 'లేదు' అని రాయించింది ఎవరు?"

"నేను."

"అంటే నాలుగేళ్ల రికార్డు..."

"అవును. తప్పే. నాదే."

ఆయన కుర్చీ దగ్గరికి జరిపి, ఆమెకి మాత్రమే వినిపించేలా మాట్లాడబోయాడు. కానీ ఆ గదిలో గుసగుస కూడా గోడలకి తగిలి తిరిగొస్తుంది. "మేడం, ఇది కాగితం మీదకెక్కితే మీకు మెమో తప్పదు, సూపర్‌వైజరు పోస్టు పోతుంది. నేను ఆపలేను. ఇంకో దారి ఉంది. వచ్చే నెల నుంచి ఫారాలు సరిగా నింపించండి. ఏడాది తర్వాత కొత్త అంకెలతో మళ్లీ చూద్దాం. మీ పేరు ఎక్కడా రాదు."

"ఆ ఏడాదంతా వారానికి ఒక్కసారేనా?"

"ఏడాదే కదా."

"సార్, మీరు మంగళవారం సాయంత్రం మీ ఇంట్లో పడిపోయారనుకోండి. నేను సోమవారం వస్తాను. పర్వాలేదా?"

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"రాసుకోండి మెమో" అంది పిన్ని. "మీరు రాసేలోపు ఆలస్యమవుతుందని నా వైపుది నేనే రాసుకొచ్చాను." సంచిలోంచి మరో కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఎప్పుడు, ఎవరికి, ఏ మాటలతో ‘లేదు’ రాయమని చెప్పిందో అందులో ఉంది. ఇది తన ఒక్కదాని తప్పేనని, మిగతా తొమ్మిదిమంది చెప్పినట్టు చేశారని, కంప్యూటరాయనకి ఎవరూ చెప్పలేదని కూడా ఉంది. అడుగున సంతకం, తేదీ. క్షమించమన్న మాట మాత్రం లేదు. ఎందుకు రాయలేదని నేనడిగితే, "క్షమించాల్సింది ఆయన కాదు" అంది.

మీటింగు అయ్యాక కింద బెంచీ మీద కూర్చుని బాబాయ్‌కి ఫోన్ చేసింది.

"ఏమైంది?"

"సున్న పాయింట్ అయిదు ఏడు."

"అంటే పాసా ఫెయిలా?"

"మా పెద్దవాళ్లు పాసు. నేను ఫెయిలు."

"సరే, ఇంటికి రా" అన్నాడు బాబాయ్. "ఏడో నంబరు సగటు కాలు నీకు లేదని మాకు ముందే తెలుసు."

పై ఆఫీసు నుంచి రెండు ఉత్తరాలు ఒకే రోజు వచ్చాయి. మొదటిది, విజిట్లు వారానికి మూడుగానే ఉంటాయని, ఫారం మారుతుందని. ఇప్పుడు ఏడో గడి వెడల్పుగా ఉంది, పక్కనే ‘మనిషి దొరకలేదు’ అని టిక్కు పెట్టడానికి ఇంకో గడి ఇచ్చారు. రెండోది, పిన్నిని సూపర్‌వైజరు బాధ్యత నుంచి తప్పిస్తున్నామని. రెండో ఉత్తరం చదివి అత్తగారు శాపనార్థాలు పెట్టబోతే పిన్ని ఆపింది. "ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదత్తయ్యా. తిట్టడానికి వీల్లేదు." ఎదురు చెప్పుకోవచ్చని ఉత్తరం అడుగున ఉంది. ఆమె చెప్పుకోలేదు. చెప్పుకోమని సలహా ఇచ్చిన యూనియన్ ఆయనతో, "మూడు విజిట్ల మీద ఎవరైనా చెయ్యి వేస్తే చెప్పండి, అప్పుడొస్తాను. నా కుర్చీ కోసం రాను" అంది.

మెట్ల దగ్గర ఏడ్చిన అమ్మాయే ఇప్పుడు సూపర్‌వైజరు. పిన్నికి డ్యూటీ వేసేది ఆమే.

పిన్నికి యాభై ఒకటో ఏడు నడుస్తోంది. సోమ, బుధ, శుక్రవారాల్లో పన్నెండిళ్లు, మంగళ, గురు, శనివారాల్లో పన్నెండిళ్లు తిరుగుతోంది.